టంకం పొగ, కిడ్నీ కణాలు

నేను జీవితంలో మొదటిసారి మనసు పారేసుకున్నది ఒక కణం మీద. ఈ మాట ఇంట్లో అంటే మా చిన్నమ్మ మూతి ముడుచుకునేది, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. తొంభైల మధ్యలో బెంగళూరులో నేను పరిశోధన చేసే చోట ఒక చీకటి గది ఉండేది. మిట్టమధ్యాహ్నం కూడా నల్లగుడ్డ తెరలు దించుకుని, మైక్రోస్కోప్ ముందు కూర్చుని, గాజుపలక మీద పెంచిన కిడ్నీ కణాలను చూసేదాన్ని. అవి మనిషివి కావు. అమెరికా ఖండంలో చెట్లెక్కి తిరిగే ఒక జంతువువి. ఎప్పుడో ఎవరో తీసి పెంచిన ఆ కణాల సంతానం దేశదేశాలు తిరిగి మా దాకా వచ్చింది. ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు పచ్చగా మెరిసే రంగు తగిలించి వాటి మీద పోసేవాళ్ళం. కాసేపటికి కణాల పైఅంచున పచ్చటి చుక్కలు కనిపించేవి. ఇంకాసేపటికి ఆ చుక్కలు లోపలికి, మరింత లోపలికి జరిగేవి. నేను కాఫీ కూడా మర్చిపోయి చూస్తుండేదాన్ని, నా సంగతి తెలిసినవాళ్ళకు అది చిన్న విషయం కాదు.

కిడ్నీ అంటే జల్లెడ అని బడిలో చెప్పారు, నేనూ నమ్మాను. అది సగం సంగతే. ఆ జల్లెడలోంచి నీళ్ళతో పాటు చిన్న చిన్న ప్రోటీన్లు రోజంతా జారుతూనే ఉంటాయి. జారినవన్నీ సన్నటి గొట్టాల్లో పడతాయి. ఆ గొట్టాల గోడల్లో వరసగా కూర్చున్న కణాలు వాటిని పట్టుకుంటాయి. ఒక్కో కణం పైఅంచు కుచ్చులా ఉంటుంది. కుచ్చు మొదళ్ళ దగ్గర ప్రోటీన్లను పట్టే గ్రాహకాలు కాచుకుని ఉంటాయి. పట్టిన చోట కణం పొర గుంట పడుతుంది, గుంట తెగి లోపల చిన్న సంచి అవుతుంది, సంచిలో పులుపు ఎక్కుతుంది. ఆ పులుపుకు గ్రాహకం పట్టు వదిలేసి, ఖాళీ చేతులతో మళ్ళీ పైకి పోయి ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. ప్రోటీన్ మాత్రం లోపలి అరుగుదల గదికి చేరి ముక్కలవుతుంది, ఆ ముక్కలు తిరిగి రక్తంలోకి పోతాయి. విటమిన్లను మోసుకొచ్చే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి, ఈ కణాలు వాటి మూటలు కూడా దించుకుని ఒంటికి అప్పగిస్తాయి. మనం పడుకున్నా, పోట్లాడుకున్నా, బస్సు కోసం మెజెస్టిక్ బస్టాండులో గంట నిలబడి తిట్టుకున్నా వాటి పని ఆగదు. ఇంత పని ఎవరూ చూడకుండా జరుగుతోందని తెలిసిన రోజు నాకు నిజంగా చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

అప్పట్లో నేను మా చిన్నాయన ఇంట్లో ఉండేదాన్ని. మా నాన్నకు తమ్ముడు, కంసాలి. మాది హిందూపురం పక్క, చిన్నాయన మాత్రం తాతతో పాటు చిన్నప్పుడే బెంగళూరు చేరి బళేపేట వెనక సందులో స్థిరపడ్డాడు. కింద పని గది, పైన కాపురం. పిల్లలు లేని ఇల్లు కాబట్టి నన్ను కూతురిలాగే చూశారు, కూతురిలాగే తిట్టారు కూడా. చిన్నాయన అతుకు పెట్టిన గొలుసులో అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టినా దొరికేది కాదు. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకునేవాడు గానీ, తల వంచుకుని నవ్వుకునేవాడు.

ఆ రోజుల్లో కొనేవాళ్ళందరూ కేడీఎం నగే కావాలనేవారు. అంటే అతుకు పెట్టే టంకంలో రాగీ వెండీ ఎక్కువగా కలిపే పాత పద్ధతి మాని, బంగారంలో కొద్దిగా కాడ్మియం కలిపి చేసిన టంకం వాడాలి. దానితో అతికితే నగను ఎప్పుడు కరిగించినా బంగారం తగ్గదు. చిన్నాయనకు ఇది వ్యాపారం కంటే పరువు సంగతి. కరిగించిన రోజు బయటపడే మోసం ఆయన చేతి కింద జరగకూడదు. అందుకే అందరికంటే ముందే ఆ పద్ధతి పట్టుకున్నాడు. అతుకు పెట్టేటప్పుడు గాలి వీస్తే మంట కదులుతుందని కిటికీ మూసేసేవాడు, ఫ్యాన్ ఆపేసేవాడు. ఊదుగొట్టం నోట పెట్టుకుని మంట మీదికి వంగేవాడు. అతుకు మీద రాసిన వెలిగారం పొంగేది, టంకం నీరయ్యేది, పసుపూ గోధుమా కాని ఒక రంగు పొగ సన్నగా లేచి ఆయన మొహం మీదుగా పోయేది. నేను ఆ గడపలో కూర్చుని చదువుకున్నాను, ఆ పొగ నాకు ఇంటి వాసనల్లో ఒకటి.

మా గైడ్ మైసూరు వైపు ఆవిడ, అందరం మేడమ్ అనేవాళ్ళం. తన కణాల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఊరుకునేవారు కాదు. ఒకరోజు టీ తాగుతూ, ఈ కణాలకు అన్నిటికంటే పెద్ద శత్రువు ఏదో తెలుసా అని అడిగి, కాడ్మియం అని ఆవిడే చెప్పారు. బ్యాటరీలు చేసేచోట, అతుకులు పెట్టేచోట పొగ పీల్చినవాళ్ళకు ఏళ్ళ తర్వాత ఈ గొట్టాలే ముందు చెడతాయట. ఒంట్లో కాల్షియం కూడా నిలవక ఎముకలు నొప్పి పెడతాయట. టీ సగంలోనే కింద పెట్టేశాను. ఆ చలికాలమంతా చిన్నాయన నడుము, తుంటి నొప్పులని మూలుగుతూనే ఉన్నాడు. చిన్నమ్మ ఆముదం కాచి రాస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే చిన్నాయనతో అన్నాను.

"ఆ పొగ నీకు చెడుపు చిన్నాయనా. కిడ్నీ పోతాదంట."

"ఎవురు చెప్పింది? పోయిన నెల డాక్టరు కాడ ఒంటికి పరీక్ష చేయించినాను పాపా. ఒంటేలులో పట్టీ ముంచి చూసి, ఏమీ లేదు పో అన్నాడు. నడుము నొప్పి కూచోని పని చేసేవాళ్ళందరికీ ఉండాది."

చిన్నమ్మ వంటింట్లోంచే, "మీ లాబులో ఎలుకలు అయిపోయినాయేమో, ఇంగ మీ చిన్నాయన్ని పట్టుకోనుండావు" అంది.

డాక్టరు చెప్పింది తప్పు కాదు. ఆ పట్టీ రంగు మారేది ఆల్బుమిన్ ఎక్కువైతేనే. జల్లెడ చిరిగితే ఆల్బుమిన్ వస్తుంది. గొట్టం కణాలు చెడితే వచ్చేవి చిన్న ప్రోటీన్లు, వాటికి ఆ పట్టీ సరిగ్గా పలకదు. ఆ చిన్నవాటిని చూడాలంటే మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. నమూనాను జెల్ అనే పలచటి పలకలో కరెంటు పెట్టి పరిగెత్తిస్తే పెద్ద ప్రోటీన్లు పైన, చిన్నవి కింద ఆగిపోతాయి. తర్వాత వెండి లవణంతో రంగు ఎక్కిస్తే గోధుమరంగు గీతలుగా తేలతాయి. ఆ పని చేసి చేసి నా వేళ్ళకొసలు నల్లగా ఉండేవి. చిన్నాయన వాటిని చూసి, "వెండి పని నేర్చుకుంటుండావా? కూలికి రా" అని ఏడిపించేవాడు.

నేను ఖాళీ గాజుసీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. కూతురి వంటి పిల్లకు ఒంటేలు సీసా ఎట్లా ఇచ్చేదని రెండు మూడు రోజులు తప్పించుకు తిరిగాడు. చివరికి ఒక పొద్దున నేను బయల్దేరేటప్పుడు, నగలు చుట్టి ఇచ్చే గులాబీరంగు కాగితంలో సీసాను చక్కగా పొట్లం కట్టి, మొహం గోడవైపు తిప్పుకుని ఇచ్చాడు. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఆ పొట్లాన్ని చూసి, ఏం నగమ్మా అని అడిగింది. గొలుసు అని చెప్పాను.

జెల్‌లో చిన్నాయన గీతల వరస ఖాళీగా వచ్చింది. ఒక్క గీత కూడా లేదు. నేను ఎగిరి గంతేశాను. ఫోన్ చేసి చెబితే చిన్నమ్మ ఓళిగలకు పూర్ణం ఉడకేసింది. చిన్నాయన సందులో అందరికీ మా పాప పరీక్ష చేసింది, నా కిడ్నీ కడిగిన బంగారమని చెప్పుకున్నాడు. నేను జెల్‌ను వెలుగుపెట్టె మీద పరిచి మేడమ్‌కు చూపించాను. ఆవిడ నవ్వలేదు. పక్క వరసలో ఉన్న నా నమూనాను చూపించారు. ఏ జబ్బూ లేని నాకే పైన ఒక పలచటి గీత ఉంది. అంత ఖాళీ ఏ మనిషికీ రాదు, ఏదో జరిగింది, అడిగి రా అన్నారు.

ఓళిగలు ముందు పెట్టుకుని కూర్చున్న మనిషిని అడగడం నా వల్ల కాలేదు. తిన్నాక అడిగాను.

"సీసాను ఏమన్నా చేసినావా చిన్నాయనా?"

"కడిగినాను."

"దేంతో?"

"ద్రావకంతో. ఇంగ దేంతో కడుగుతారప్పా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నగ మీద మసి పోవాలంటే ద్రావకంలోనే కదా వేసేది. అంత పెద్ద లాబుకు పోయే సీసా, సబ్బుతో కడిగి ఇస్తానా?"

"మళ్ళీ నీళ్ళతో తొలిచినావా?"

"బోరునీళ్ళతోనా? మళ్ళీ మురికి చేసేదానికా? ద్రావకం ఒంపేసి అట్లనే ఇచ్చినాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నగకు ఎంత శుభ్రం కావాలో అంత శుభ్రం ఆ సీసాకు ఇచ్చాడు. అడుగున మిగిలిన ద్రావకానికి, అంటే ఘాటైన ఆమ్లానికి, ప్రోటీన్లన్నీ నిమ్మకాయ పిండిన పాలలా విరిగి అడుగుకు దిగాయి. మేము అలవాటు ప్రకారం నమూనాను యంత్రంలో పెట్టి గిర్రున తిప్పి, అడుగున ఉన్నది పారేసి, పైన తేరుకున్న నీళ్ళు పరీక్షించాం. మర్నాడు చెబితే మేడమ్ పగలబడి నవ్వారు. మా గాజుసామాను మేమూ ఆమ్లంలోనే కడుగుతాం గదా, నీళ్ళతో తొలవడం ఒక్కటే తేడా, మీ చిన్నాయనకు ఉద్యోగమిస్తే తప్పేం లేదన్నారు. ఈసారి ప్లాస్టిక్ సీసా ఇచ్చి, దయచేసి దీన్ని కడగొద్దని చేతులు జోడించాను.

రెండో జెల్ రంగు తేలుతున్నప్పుడు నేను, మేడమ్ ఇద్దరం తొట్టి మీదికి వంగి చూస్తున్నాం. పైన ఆల్బుమిన్ దగ్గర పెద్దగా ఏమీ లేదు. కింద మాత్రం ఒకటి తర్వాత ఒకటి గీతలు లేచాయి, సన్నవి, లావువి, నిచ్చెన మెట్లలాగా. పుస్తకంలో బొమ్మగా చూసినదే. నేను ఇన్నాళ్ళు మురిసిపోయిన కణాలు మా చిన్నాయన ఒంట్లో ప్రోటీన్లను చేజార్చుకుంటున్నాయి. తొట్టిలో నీళ్ళు ఒలికిపోతున్నా నాకు తెలియలేదు. ఇప్పుడే మానేస్తే కొంత తిరిగి రావచ్చు, మానకపోతే కిడ్నీ మొత్తం పోతుంది అన్నారు మేడమ్.

చిన్నాయన మానడానికి ఒప్పుకోలేదు.

"ఎట్ల మానేది పాపా? పాత టంకం పెడితే రేపు కరిగించిననాడు బంగారు తక్కువ తేలతాది. కంసాలి కొట్టేసినాడంటారు. ఈ సందులో మా నాయనకు ఒక పేరుండాది. నాకేమన్నా అయితే అయితాది, ఆ మాట మటుకు పడను."

"నీకేమన్నా అయితే నాకు ఎవురుండారు?" అని చిన్నమ్మ ఏడ్చింది. అరిచింది, అన్నం మానేసింది. నేనూ అరిచాను, నా నోరు చిన్నది కాదు. ఆయన మాత్రం కుంపటి ముందు కూర్చుని, పట్టకారుతో బొగ్గులు సర్దుకుంటూ, రెండు మాటల మధ్య ఊదుకుంటూ ఉండిపోయాడు. ఆ మొండితనం మీద నాకు ఎంత కోపమొచ్చిందో అంత గౌరవమూ కలిగింది. మోసగాడనిపించుకోవడం కంటే జబ్బు పడటం నయమనుకునే మనిషితో ఏమని వాదిస్తాం?

భయపెట్టడం నాకూ చిన్నమ్మకూ చేతకాలేదు గనక, వచ్చి నా పని చూడమన్నాను. దానికి వెంటనే ఒప్పుకున్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, విభూది పెట్టుకుని వచ్చాడు. మేడమ్ కుర్చీ వేసి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. రోజంతా భూతద్దంతో పని చేసే కళ్ళు, చూడటం ఎట్లాగో ఆయనకు నేర్పనక్కర్లేదు. ఒక్క చేత్తో స్పష్టత సర్దుకుని అట్లాగే ఉండిపోయాడు.

"ఈ పచ్చంగా ఉండేటివి ఏంది?"

"అదే ప్రోటీన్. జారిపోయేదాన్ని పట్టుకోని లోపలికి తీసుకుంటుండాయి."

"ఒక్క రవ్వ గూడా పోనీవా?"

"పోనీవు."

"మన అంగడి ముందర దుమ్ము ఊడ్చుకోని పోయి, కడిగి, బంగారు రవ్వలు ఏరుకుంటారే, అట్ల."

"అట్లనే. కానీ ఇవి ఏరింది తమకు పెట్టుకోవు చిన్నాయనా. నీకే ఇచ్చేస్తాయి."

ఆయన తల ఎత్తలేదు. నేను చెబుతూ పోయాను. కాడ్మియం ఒంట్లోకి పోతే కాలేయం దాన్ని ఒక చిన్న ప్రోటీన్‌లో మూట కట్టి పెడుతుంది. ఆ మూటల్లో కొన్ని రక్తంలో కలిసి, జల్లెడ దాటి, ఈ గొట్టంలో పడతాయి. ప్రోటీన్ వచ్చింది గదా అని కణం దాన్నీ పట్టుకుంటుంది. లోపలికి తీసుకుని విప్పుతుంది.

"విషమని తెలీదా దానికి?"

"తెలీదు. ప్రోటీన్ వస్తే వదిలేది దానికి చేతకాదు."

"విప్పినంక?"

"తనే ఇంకో ప్రోటీన్ చేసి, దాంట్లో మళ్ళీ చుట్టి, తన లోపలనే పెట్టుకుంటాది. ఏండ్ల తరబడి. దానికి చేతనైనంత కాలం."

"చేతగాకపోతే?"

"అదే చచ్చిపోతాది."

చీకటి గదిలో ఆయన మొహం కనిపించలేదు. మైక్రోస్కోప్‌లోంచి వచ్చే పచ్చటి వెలుగు మాత్రం కంటి కింద కొద్దిగా పడుతోంది. "ఇంకో తూరి చూస్తాను" అన్నాడు, చూడటం ఆపనే లేదు నిజానికి. తిరిగి బస్సెక్కాం. కార్పొరేషన్ స్టాప్ దగ్గర సీటు దొరికితే నన్ను కూర్చోమన్నాడు, తను నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున కాడ్మియం కడ్డీలున్న డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టాడు. "మీ కాడనే పెట్టుకో. ఇంట్లో ఉంటే చెయ్యి దాని మీదికే పోతాది" అన్నాడు. మేడమ్ దాన్ని విషాలు పెట్టే బీరువాలో పెట్టి తాళం వేశారు.

తర్వాత ఆయన పడిన కష్టం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా తల ఎత్తుకోవాలనిపిస్తుంది. వచ్చిన ప్రతి ఒక్కరితోనూ, నేను కేడీఎం పెట్టను, పాత టంకమే పెడతాను, కరిగిస్తే ఇంత తగ్గుతుంది, ఇష్టమైతేనే ఇవ్వండి అని ముందే చెప్పేవాడు. సగం మంది వెళ్ళిపోయారు. పని ఇచ్చే పెద్ద అంగడివాళ్ళు కూడా ఆపేశారు. అతుకు ఎంత తక్కువ టంకంతో పెట్టవచ్చో చూడాలని, సూదిమొనంత ముక్కతో పని నడిపించడం నేర్చుకున్నాడు. వయసు మళ్ళాక, నొప్పి నడుముతో, మళ్ళీ కొత్తగా నేర్చుకున్నాడు. కిటికీ మాత్రం చాన్నాళ్ళు తెరవలేదు, మంట కదులుతుందని. చిన్నమ్మే ఒకరోజు దాని రెక్కలు పీకించేసింది. కొన్నేళ్ళకు కాడ్మియం లేని కొత్త టంకాలు బజారులోకి వచ్చాయి, నగలో బంగారమెంతో పరీక్షించి ముద్ర వేసే రోజులూ వచ్చాయి, వెళ్ళిపోయిన వాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. అప్పటికి ఆయనకు చూపు తగ్గడం మొదలైంది.

రెండువేల సంవత్సరం దాటాక, నేను చదువు ముగించి అదే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నప్పుడు, మేడమ్ ఒకసారి చూద్దాం రమ్మన్నారు. మళ్ళీ నమూనా, మళ్ళీ జెల్, మళ్ళీ వెండి. ఎండబెట్టిన జెల్‌ను రెండు పారదర్శక కాగితాల మధ్య పెట్టుకుని, పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి ఇంటికి తీసుకెళ్ళాను. చిన్నాయన రెండిటినీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు. చిన్నమ్మ ఆయన భుజం మీదుగా చూసింది.

"గీతలు తగ్గినాయి కదా?" అంది చిన్నమ్మ.

"తగ్గినాయి. పూర్తిగా పోలేదు" అన్నాను. "కొన్ని కణాలు కోలుకున్నాయి. చచ్చిపోయిన వాటి జాగాలో పక్కనుండేవి పెరిగి కూచున్నాయి. వాటి పనీ ఇవే చేస్తుండాయి."

చిన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని దేవుడి గదిలోకి వెళ్ళింది. చిన్నాయన జెల్ దించలేదు.

"లోపలికి పోయిన కాడ్మియం?"

"అది బయటికి రాదు చిన్నాయనా. వాటి లోపలే ఉండాది. చుట్టి పట్టుకోనుండాయి."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ."

ఆయన జెల్‌ను దించాడు. కాగితాలను ఒళ్ళో పెట్టుకుని, అరచేతిని వెనక్కి పోనిచ్చి నడుముకు పక్కగా, సరిగ్గా కిడ్నీ ఉండే చోట, నిద్రపోయే పిల్లను తాకినట్టు తాకాడు.

"ఇన్నేండ్లు నేను వాటికి పెట్టింది విషం" అన్నాడు. "ఒక్కటి గూడా తిరిగి నా మీదికి విసర్లేదు గదా పాపా."